గేజీ అబద్ధమాడలేదు

మా పల్లెటూరి ఇంటి వెనుక ఒక గొడ్ల చావిడి ఉంది. గొడ్లు పోయి చాలా కాలమైనా పేరు మాత్రం పోలేదు. అందులో 1989 నుంచీ మా నాన్నగారి ట్రాక్టరు నిలబడి ఉంది. నిలబడి ఉందనడం మర్యాదకు. నాలుగు టైర్లలోనూ గాలి పోయి చతికిలబడి ఉందనడం సబబు. దాని సీటు మీద కోళ్ళు తరతరాలుగా పొదిగాయి.

కిందటి సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా అన్నయ్య, "ఒరే, పాత ఇనుము కొనేవాడు వచ్చి పోయాడు. తూకం లెక్కన తీసుకుపోతానంటున్నాడు. ఇచ్చేద్దామనుకుంటున్నాను," అన్నాడు.

నాకు మనసు కలుక్కుమంది. "నాన్నగారి ట్రాక్టరు అన్నయ్యా!" అన్నాను.

"నాన్నగారే లేరు," అన్నాడు.

"నేను బాగు చేయిస్తాను. ఖర్చంతా నాది."

అన్నయ్య నా వంక అదోలా చూశాడు. "దానికి ఒకసారి అయింది వైద్యం," అని గొణిగి, కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆ మాటను నేనప్పుడు పట్టించుకోలేదు.

ఆ ట్రాక్టరు బి-275. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డు అనే ఊళ్ళో ఇంటర్నేషనల్ హార్వెస్టరు వారు 1958 నుంచి తయారు చేసిన రకం. మన దేశంలో 1963లో మహీంద్రా వారూ, వోల్టాస్ వారూ, ఆ హార్వెస్టరు వారూ కలిసి బొంబాయిలో కంపెనీ పెట్టి ఈ రకాన్ని ఇక్కడికి తెచ్చారు. నాలుగు సిలిండర్లు, 35 గుర్రాల శక్తి. మా నాన్నగారు దాన్ని 1968లో కొన్నారు. అది ఊళ్ళోకి వచ్చిన రోజున హారతిచ్చి, దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నాన్నగారు తాను మాత్రం దాన్ని నడపలేదు. దాని పక్కన నిలబడి, మడ్‌గార్డు మీద చెయ్యి వేసి ఊరుకున్నారు. గుర్రాన్ని మచ్చిక చేసేవాళ్ళు అలాగే నిలబడతారు.

పాత ట్రాక్టరు బాగు చేయిస్తానంటే చుట్టపక్కాలందరూ మొదట అడిగేది రంగు సంగతి. "ఎరుపు వేయిస్తారా, అదే పాత రంగు దొరుకుతుందా?" అని. మా ఆవిడ కూడా, "రంగు వేయించి వాకిట్లో పెడితే లక్షణంగా ఉంటుందండీ," అంది. పక్క ఊరి మేస్త్రీ ఒక్కరే రంగు మాట ఎత్తలేదు. ఆయనకు డెబ్భై దాటాయి. యాభై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్న మనిషి. ట్రాక్టరు చుట్టూ ఒకసారి తిరిగి, "రంగు ఆఖర్న వేద్దాం బాబుగారూ. ముందు బేరింగులు చూడాలి. అవి లేకపోతే మిగిలినదంతా పెళ్ళికూతురి ముస్తాబే," అన్నారు.

బేరింగులంటే సైకిలు చక్రంలో ఉండే గుండ్లు కావు. ఇంట్లో కుట్టు మిషను ఉన్నవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. పాదం కింద పలక పైకీ కిందికీ ఊగుతుంది. ఒక ఊచ ఆ ఊపును పైన చక్రానికి అందించి దాన్ని గిర్రున తిప్పుతుంది. ఇంజనులోనూ అంతే. పిస్టను పైకీ కిందికీ కొట్టుకుంటుంది. కనెక్టింగు రాడ్డు ఆ కొట్టుకోవడాన్ని క్రాంకుకు అందిస్తుంది. క్రాంకు తిరుగుతుంది. రాడ్డు వచ్చి క్రాంకును పట్టుకునే చోట రెండు అర్ధచంద్రాకారపు రేకులుంటాయి. వాటిని షెల్లులంటారు. వీపు ఉక్కు. లోపలి ముఖాన మెత్తటి లోహపు పూత. ఇలాటి మెత్తటి లోహాన్ని బేరింగులకు వాడవచ్చునని 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే ఆయన చూపించారు. ఇనుము మీద ఇనుము తిరిగితే రెండూ పోతాయి. మెత్తనిది మధ్యన ఉంటే అది అరిగి, గట్టిదాన్ని కాపాడుతుంది.

ఆ మెత్తటిదాన్ని కూడా క్రాంకు నిజానికి తాకకూడదు. రెంటికీ మధ్య వెంట్రుకవాసి సందు. అందులోకి పంపు ఆయిలును నెడుతుంది. క్రాంకు తిరిగినంత సేపూ ఆ ఆయిలు పొర మీద, కాలవలో పడవలాగా తేలుతూ ఉంటుంది. సందు పెరిగితే ఆయిలు పక్కలనుంచి జారిపోతుంది, ఒత్తిడి పడిపోతుంది, చప్పుడు మొదలవుతుంది. సందు మరీ తగ్గితే ఆయిలుకు చోటుండదు, పట్టేస్తుంది. ఎంత సందు అంటారా? క్రాంకు మందం అంగుళం ఉంటే అంగుళంలో వెయ్యో వంతు చొప్పున అని మోటు లెక్క. ఆ వెయ్యో వంతునే వర్కుషాపుల్లో 'థౌ' అంటారు. మన తలవెంట్రుక మందం రెండు మూడు థౌలు ఉంటుంది. ఒక ట్రాక్టరు బతుకు ఒక వెంట్రుక మీద నడుస్తుందన్నమాట.

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి. దీన్ని యాభై ఏళ్ళుగా విందుల్లో చెప్పి నవ్విస్తూ వచ్చాను.

1974 జూలై. కాలేజీ తెరవడానికి ఇంకా రెండు రోజులుంది. దమ్ముల రోజులు. డ్రైవరుకు జ్వరం. నేను నడుపుతానని మడిలోకి దింపాను. గట్టు మీద నా స్నేహితులు. మధ్యాహ్నానికి ఆయిలు గేజీలో ముల్లు నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ముల్లు పడితే ఆపెయ్యమని డ్రైవరు నాకు చెప్పి ఉన్నాడు. కాని మడి సగం మిగిలింది, కాలవలో నీళ్ళు తగ్గిపోతాయన్న తొందర, పైగా గట్టు మీద చూసేవాళ్ళు! "గేజీ చెడిపోయి ఉంటుంది," అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, వేలితో గాజు మీద రెండు దెబ్బలు కొట్టి, ఇంకో గంట నడిపాను. చివరి సాలుకు వచ్చేసరికి ఇంజనులో టకటకమని చప్పుడు. ఎలాగో ఇంటికి చేర్చాను.

నాన్నగారు వచ్చి విన్నారు. ఇంజను ఆపించారు. నా మొహం చూశారు. "ఏం లేదులే. స్నానం చేసి అన్నం తిను. ఎల్లుండి ప్రయాణం పెట్టుకుని ఈ బురదేమిటి?" అన్నారు. అంతే. దసరాకు తిరిగి వచ్చేసరికి ట్రాక్టరు హాయిగా నడుస్తోంది. చూశారా, చెడింది గేజీయే అన్నాను. అప్పట్నుంచీ ఎవరైనా ముల్లుకు భయపడుతుంటే ఈ కథ చెప్పి, "గేజీలు అబద్ధాలాడతాయండీ, ఇంజను ఆడదు," అనడం నాకు అలవాటు. అందరూ నవ్వేవారు. మా అన్నయ్య మాత్రం ఆ సమయానికి ఏదో పని తోచి బయటికి వెళ్ళేవాడు.

ఇక మేస్త్రీ పని మొదలయింది. ముప్ఫై అయిదేళ్ళు కదలని ఇంజనును గబాల్న తిప్పకూడదు. సిలిండర్లలో కాస్త కాస్త ఆయిలు పోసి నాలుగు రోజులు నాననిచ్చాం. తర్వాత చేత్తో మెల్లగా తిప్పితే కదిలింది. పాత ఆయిలు తీసి కొత్తది పోశాం. డీజిలు పంపు, నాజిళ్ళు బెజవాడ పంపి బాగు చేయించాం. ఒక ఉదయం దగ్గి, పొగ కక్కి, ట్రాక్టరు లేచింది. ఊరి పిల్లలు కేకలు పెట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. మేస్త్రీ మటుకు పిల్లల్నీ చూడలేదు, నన్నూ చూడలేదు. గేజీ వంకే చూస్తున్నారు.

చల్లగా ఉన్నప్పుడు ముల్లు బాగానే నిలబడింది. ఇంజను వేడెక్కిన కొద్దీ దిగింది. వేడికి ఆయిలు పల్చబడుతుంది, సందు ఎక్కువున్న బేరింగు దాన్ని నిలపలేదు. దానితోపాటే టకటక వినిపించింది. యాభై ఏళ్ళ తర్వాత విన్నా వెంటనే గుర్తుపట్టాను.

మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని విన్నారు. తర్వాత నాజిలు పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి, ఆ సిలిండరుకు డీజిలు అందకుండా చేశారు. మొదటిదానికి చప్పుడు మారలేదు. రెండోదానికీ మారలేదు. మూడోది వదులు చేసేసరికి టకటక సగానికి సగం తగ్గిపోయింది. "మూడోదాంట్లో ఉంది బాబుగారూ. మంట పడకపోతే సుత్తి దెబ్బ లేదు. దెబ్బ లేకపోతే చప్పుడు లేదు. ఇది రాడ్డు బేరింగు. మెయిన్ బేరింగయితే చప్పుడు ఇంకా లోతుగా, బరువు లాగేటప్పుడు దడదడమని వస్తుంది," అని వెంటనే ఇంజను ఆపేశారు. ఆ చప్పుడు విన్నాక నడిపే ప్రతి నిమిషమూ క్రాంకును తినేస్తుందట.

ఆయిలు దింపి, అడుగు తొట్టి విప్పాం. తొట్టి అడుగున నల్లటి మడ్డి. దాన్ని వేలితో రాసి ఎండలో పెడితే సన్నటి తళుకు కనిపించింది. మేస్త్రీ జేబులోంచి అయస్కాంతం తీసి అద్దారు. తళుకు అంటుకోలేదు. "ఇనుము అయితే అంటుకునేది. ఇది షెల్లు పూత," అన్నారు.

రాడ్డులు విప్పే ముందు ఆయన చేసిన పని చూస్తే మా అమ్మ ఆవకాయ జాడీలకు గుర్తులు పెట్టడం జ్ఞాపకం వచ్చింది. ఏ రాడ్డు టోపీ ఆ రాడ్డుకే చెందాలి. ఆ రెంటినీ జతగా బిగించే లోపల తొలుస్తారు. కనుక తారుమారైనా, తిరగేసి పెట్టినా గుండ్రం తప్పుతుంది. వాటి మీద అంకెలు ఉన్నా, తన గుర్తులు కూడా పెట్టి, ఎనిమిది షెల్లు ముక్కలనూ తెల్లటి గుడ్డ మీద వరసగా పరిచారు. "ఇప్పుడు చదవండి," అన్నారు, నా చేతికి పత్రిక ఇచ్చినట్టుగా.

చదవడం ఆయనే నేర్పారు. కొత్త షెల్లు ముఖం బూడిదరంగులో, మందకొడిగా ఉంటుంది. ఆ పూత అరిగితే కింద రాగి ఎరుపు బయటపడుతుంది. పేలుడు దెబ్బ పైనుంచి వస్తుంది కాబట్టి రాడ్డులో పై ముక్క ఎక్కువ అరుగుతుంది, మెయిన్ బేరింగులో కింది ముక్క. ఒక పక్కనే అరిగి ఉంటే రాడ్డు వంగిందో, క్రాంకు ఒక వైపుకు సన్నబడిందో చూసుకోవాలి. ఆయిలు అందక పోయిన షెల్లయితే పూత కరిగి, వెన్న పూసినట్టు ఒక వైపుకు జారి ఉంటుంది. ఆయిల్లో మట్టి కలిసి పోయినదైతే చుట్టూ సన్నటి గీతలుంటాయి.

మూడోదాని పై ముక్క చూశాం. సగం రాగి. చుట్టూ గీతలు. ఒక చోట ఇసుక రేణువు పూతలో దిగి కూచుంది.

"అయితే ఇది ఆయిలు అందక పోయింది కాదన్నమాట," అన్నాను. నా గొంతులోని సంతోషం నాకే వినిపించింది.

"కాదండీ. ఇది మట్టి తిన్న బేరింగు."

"నేను అప్పుడే చెప్పాను, గేజీ అబద్ధ..." అంటూండగా ఆయన షెల్లును తిరగేశారు. ఉక్కు వీపు మీద నూనె తుడిచి, కళ్ళద్దాలు సవరించుకున్నారు. అక్కడ సన్నటి అంకెలు కొట్టి ఉన్నాయి: 020.

"ఈ క్రాంకు ఒకసారి పట్టించిందండీ," అన్నారు.

"లేదు మేస్త్రీగారూ. ఇది మా నాన్నగారు కొత్తగా కొన్నది. ఇంజను ఎన్నడూ విప్పలేదు."

"కంపెనీ నుంచి వచ్చిన షెల్లయితే వీపు మీద స్టాండర్డు గుర్తు ఉండాలి. 020 అంటే క్రాంకును గ్రైండింగులో 20 థౌ తగ్గించి, దానికి తగ్గ మందం షెల్లు వేశారన్నమాట. ఊరికే ఎవరూ అంత లోతు పట్టించరు. బాగా గీసుకుపోయి ఉంటేనే 10 దాటి 20కి పోతారు." ఆయన మిగిలిన ఏడూ తిరగేశారు. అన్నింటి మీదా అదే అంకె.

నేను లేచి ఇంట్లోకి వెళ్ళాను. అన్నయ్య వరండాలో పేపరు చూస్తున్నాడు.

"అన్నయ్యా, ట్రాక్టరు క్రాంకు ఎప్పుడు పట్టించారు?"

పేపరు దించలేదు. "నువ్వు కాలేజీకి వెళ్ళిన వారానికి."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అతనే చెప్పాడు. పంపు జల్లెడ మడ్డితో పూడుకుపోయిందట. ఆయిలు అందక షెల్లులు జారిపోయి, క్రాంకు గాళ్ళు పడిపోయిందట. ట్రాక్టరును నడిమికి విడదీసి క్రాంకు బయటికి తీస్తే, అన్నయ్య దాన్ని గోనెసంచిలో చుట్టుకుని లారీలో బెజవాడ తీసుకుపోయి, రెండు రోజులు ఆ వర్కుషాపు అరుగు మీదే పడుకున్నాడట. ఈలోగా మిగిలిన దమ్ము అద్దె ఎడ్లతో చేయించారట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నాన్న చెప్పొద్దన్నారు. వాడు చదువుకోవలసినవాడు, ఇది మనసులో పెట్టుకుని కూచుంటాడు అన్నారు."

"ఆయన పోయాకైనా..."

అన్నయ్య పేపరు మడిచాడు. "చెబుదామనే అనుకున్నాను. నువ్వు ఆ గేజీ కథ చెప్పి అందర్నీ నవ్విస్తుండేవాడివి. నలుగురిలో ఏం చెప్పను? లేచి పోయేవాణ్ణి. నువ్వు ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి నాన్నగారి జమాఖర్చుల పుస్తకాలు బయటికి తీశాను. ఎర్ర అట్టలు. 1974 ఆగస్టు పేజీలో ఆయన గుండ్రటి అక్షరాల్లో ఉంది: 'క్రాంకు పట్టించినందుకు, షెల్లులు, పెద్దవాడి రాకపోకలు.' ఎదురుగా ఉన్న అంకె ఇక్కడ రాయను. నా ఏడాది హాస్టలు ఖర్చు కంటే ఎక్కువ అని మాత్రం చెబుతాను. దానికి రెండు పంక్తుల పైన జమ: 'పాడి గేదె అమ్మగా.'

ఆ దసరాకు నేను ఇంటికి వచ్చినప్పుడు మజ్జిగ పల్చగా ఉందని అలిగాను. "గేదె ఒట్టిపోయిందిరా నాయనా, అమ్మేశాం," అంది మా అమ్మ. పుస్తకంలో ఒట్టిపోయిన గేదె అని లేదు. పాడి గేదె అని ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చావిట్లోకి వెళ్ళేసరికి మేస్త్రీ మైక్రోమీటరు తుడుచుకుంటున్నారు. ఇప్పుడు తేల్చవలసింది ఒక్కటే: ఈ క్రాంకుకు ఇంకో బతుకు ఉందా, లేదా? 10, 20, 30, 40 అని మెట్లుంటాయి. 20 ఇదివరకే అయిపోయింది. 40 దాటిందంటే పాత ఇనుము వాడిదే.

ముందు సన్నటి మైనంలాటి ప్లాస్టిక్కు దారంతో కొలత చూపించారు. దాన్ని ప్లాస్టిగేజి అంటారు. క్రాంకు పిన్నునూ షెల్లునూ ఆయిలు లేకుండా తుడిచి, చిన్న ముక్క పిన్ను మీద అడ్డంగా పెట్టి, టోపీని చెప్పిన బిగువుకు బిగించాలి. క్రాంకును మాత్రం కదపకూడదు. మళ్ళీ విప్పి, నలిగిన దారం ఎంత వెడల్పయిందో దాంతో వచ్చిన కాగితపు కొలతతో సరిచూడాలి. ఎక్కువ నలిగితే సందు తక్కువ, తక్కువ నలిగితే సందు ఎక్కువ. ఆకుపచ్చ దారం ఒకటి నుంచి మూడు థౌల దాకా చెబుతుంది. ఒకటి, రెండు, నాలుగు పిన్నుల దగ్గర రెండున్నర, మూడు చూపించింది. మూడోదాని దగ్గర దారం పెట్టింది పెట్టినట్టే ఉంది. నాలుగు నుంచి తొమ్మిది థౌలు చెప్పే నీలి దారం పెట్టి చూస్తే ఆరు తేలింది.

"దారం చెప్పేది సందు ఒక్కటే. పిన్ను గుండ్రంగా ఉందో కోడిగుడ్డయిందో చెప్పదు," అని మైక్రోమీటరు పట్టారు. ప్రతి పిన్నునూ నిలువునా అడ్డంగా, ఈ చివరా ఆ చివరా కొలిచి, అంకెలు నాచేత రాయించారు. మూడో పిన్ను అడ్డానికీ నిలువుకూ మూడు థౌలు తేడా వచ్చింది. కొత్త షెల్లు వేసి ఊరుకుంటే కుదరదు. గుడ్డులాటి పిన్ను గుండ్రటి షెల్లును నెల తిరగకుండా తినేస్తుంది.

ఆ సమయానికి చూడవచ్చిన ఒకాయన, "ఇంత గొడవెందుకండీ? షెల్లు వెనకాల సిగరెట్టు పెట్టె రేకు ముక్క పెట్టి బిగిస్తే చప్పుడు పోతుంది. చిక్కటి ఆయిలు పోస్తే ముల్లు కూడా లేస్తుంది," అని సలహా ఇచ్చాడు. అది చాలామంది చేసే పనే. మేస్త్రీ నవ్వారు. "లేస్తుందండీ. ముల్లును మోసం చెయ్యొచ్చు. రేకు పెడితే షెల్లు వీపు ఇనుముకు సరిగ్గా ఆనదు, వేడి దిగదు. కొన్నాళ్ళకు రాడ్డే ఇంజను పక్క బద్దలు కొట్టుకుని బయటికి వస్తుంది."

"ముల్లును మోసం చెయ్యొద్దు," అన్నాను. మేస్త్రీ నా వంక కాస్త ఆశ్చర్యంగా చూశారు.

ఇంజను దింపి, క్రాంకు బయటికి తీశాం. మెయిన్ బేరింగులు కూడా చూశాం. అరిగినా హద్దులోనే ఉన్నాయి. అయినా క్రాంకు బయటికి వచ్చాక అన్నీ ఒకే మెట్టుకు పట్టించడం మంచిదన్నారు. దాన్ని బెజవాడ ఆటోనగర్ తీసుకుపోవాలి. నేను కారు తీస్తూంటే అన్నయ్య ఇంట్లోంచి గోనెసంచి తెచ్చాడు. "ఉత్తినే పెడితే గీతలు పడతాయి. నాకు తెలుసు," అన్నాడు. తను ముందు సీట్లో కూచున్నాడు. దారి పొడుగునా 1974లో లారీ ఎక్కడ ఆగిందీ, ఎక్కడ టీ తాగిందీ చూపించాడు. యాభై ఏళ్ళలో మా ఇద్దరికీ అంత సేపు మాటలు సాగడం అదే మొదలు.

గ్రైండింగు చేసేవాడు కొలిచి, "30లో తేలుతుంది సార్," అన్నాడు. నాకు పరీక్ష పాసైనట్టయింది. పిన్ను అంచుల దగ్గర ఉండే గుండ్రటి మూలను అలాగే ఉంచాలనీ, అక్కడ పదును పడితే క్రాంకు ఆ మూలనుంచే పగులుతుందనీ మేస్త్రీ చెప్పి పంపారు. అన్నయ్య ఆ మాట వాడికి మూడుసార్లు చెప్పాడు. తిరిగి వచ్చాక ఆయిలు రంధ్రాలన్నీ తీగతోనూ గాలితోనూ శుభ్రం చేశాం. గ్రైండింగు పొడి కాస్త మిగిలినా కొత్త షెల్లుకు విషమే. పంపు జల్లెడను నేనే కూచుని కడిగాను. రెండుసార్లు కడిగాను. 030 షెల్లులు వేసి బిగించి, మళ్ళీ ఆకుపచ్చ దారం పెట్టి చూస్తే నాలుగింటి దగ్గరా రెండు థౌలు. అప్పుడు షెల్లులకు ఆయిలు రాసి, ఆఖరుసారి బిగించారు.

ట్రాక్టరు మళ్ళీ నిలబెట్టిన రోజున రంగు ఇంకా వేయలేదు. తుప్పు మచ్చలతోనే ఉంది. అన్నయ్యను సీటు ఎక్కమన్నాను. "నాకెందుకురా," అంటూనే ఎక్కాడు. డీజిలు ఆపి, ఆయిలు పైకి ఎక్కేదాకా ఇంజను ఊరికే తిప్పించారు మేస్త్రీ. ముల్లు కాస్త కదిలాక డీజిలు ఇచ్చారు. ఇంజను అందుకుంది. టకటక లేదు. అరగంట నడిపి వేడెక్కించాం. నేను మడ్‌గార్డు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. ముల్లు లేచిన చోటునుంచి కొద్దిగా దిగి, అక్కడే ఆగిపోయింది.

పాత షెల్లులను పాత ఇనుములో వెయ్యనివ్వలేదు. మూడో నంబరు పై ముక్క ఇప్పుడు నా రాతబల్ల మీద, 020 అంకె పైకి కనబడేట్టు ఉంది. వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. గేజీ కథ మళ్ళీ చెబుతున్నాను. కాకపోతే ఇప్పుడు కథ చివర మారింది. మొన్న ఉగాదికి నలుగురి మధ్యా చెప్పినప్పుడు అన్నయ్య బయటికి వెళ్ళలేదు. చివరిదాకా కూచుని, "గేదె సంగతి కూడా చెప్పరా," అన్నాడు.